చనిపోయిన అధ్యక్షులవారి పద్నాలుగు సమావేశాలు

1993 జనవరి. కరోల్ బాగ్‌లో కుట్టు మిషన్ల విడిభాగాలు అమ్మే దుకాణం పైన, నిటారు మెట్లెక్కితే వచ్చే ఒకటిన్నర గది నా ఆఫీసు. గదిలో నేనూ నా టైపు మిషనూ, అరగదిలో ఫైళ్ళూ ఉండేవాళ్ళం. పొద్దున పదకొండు దాటాకగానీ పొగమంచు విడిచేది కాదు. విడిచాక మెట్ల మలుపు దగ్గర అరచేతంత ఎండ పడేది. ఆ ఎండలో కుర్చీ వేసుకుని కార్బన్ కాపీలు సరిచూసుకోవడం ఆ రోజుల్లో నాకున్న ఒకే ఒక్క విలాసం. ఇప్పుడు ఆ మెట్లు లేవు. ఆ చలి మాత్రం అప్పుడప్పుడు గుర్తొస్తుంది.

చార్టర్డ్ అకౌంటెంటుగా అప్పటికి పద్దెనిమిదేళ్ళ అనుభవం నాది. దుకాణదారుల పని కడుపు నింపేది గానీ, నేను ఇష్టపడి చేసింది ధర్మసంస్థల ఆడిట్. దానికి కారణం ఉంది. మా తాతగారికి కృష్ణా జిల్లాలో చిన్న జమీ ఉండేది. ఎస్టేట్ల రద్దుతో సగం పోయింది, మిగతా సగాన్ని మావాళ్ళే కోర్టుల్లో పోగొట్టుకున్నారు. తాతగారు కట్టించిన సత్రం సరైన పత్రాలు లేక పరాయివాళ్ళ చేతికి పోయింది. ఇచ్చే చెయ్యి ఎంత గొప్పదైనా కాగితం సరిగ్గా లేకపోతే ఆ ధర్మం నిలబడదని నాకు చిన్నప్పుడే తెలిసింది.

ఆ జనవరిలో నా దగ్గరకు వచ్చినది కరోల్ బాగ్‌లోనే ఉన్న తెలుగు ఆడపిల్లల వసతి గృహం తాలూకు పని. ఉద్యోగాలకీ పోటీ పరీక్షల కోచింగ్‌కీ ఢిల్లీ వచ్చిన అమ్మాయిలు ముప్ఫై ఒక్కమంది ఉండేవారక్కడ. నర్సులు, స్టెనోలు, సివిల్ సర్వీసు కలలు కనేవాళ్ళు. నడిపేది ఒక ట్రస్టు. ట్రస్టు ఏర్పాటు పత్రమైన డీడు ప్రకారం ఏడుగురు ధర్మకర్తలు. వాళ్ళ 80జీ ఆమోదం మార్చి నెలాఖరుతో ముగుస్తోంది. సంస్థకు చందా ఇచ్చినవారికి ఆదాయపు పన్నులో కొంత మినహాయింపు దొరికేలా శాఖ ఇచ్చే ఆమోదాన్ని 80జీ అంటారు. దాన్ని కొన్నేళ్ళకొకసారి మళ్ళీ తెచ్చుకోవాలి. వసతి గృహం బతికేది ప్రభుత్వోద్యోగులిచ్చే చందాల మీద. ఆ కాగితం లేకపోతే చందాలు రావు, చందాలు రాకపోతే జూన్ నాటికి గేటుకు తాళం పడుతుంది.

అంతకు ముందు ఒక ఉత్తరం, మూడేళ్ళ లెక్కలు జతచేస్తే సరిపోయేది. ఇప్పుడు కొత్త ఫారం వచ్చింది. ధర్మకర్తలందరి పేర్లూ చిరునామాలూ, మూడేళ్ళుగా సంస్థ చేసిన పనుల వివరణా అందులో రాయాలి. అధికారికి అనుమానం వస్తే మినిట్స్ బుక్, అంటే సమావేశాల తీర్మానాలు రాసే పుస్తకం, తెప్పించుకుని చూస్తాడు.

ట్రస్టు కార్యదర్శి శేషగిరిరావుగారు మఫ్లరు చుట్టుకుని, రెక్సిన్ సంచీ మోసుకుంటూ మెట్లెక్కి వచ్చారు. కేంద్ర సచివాలయంలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరైన మనిషి. కాగితాలంటే భక్తి.

"ఇదిగోనండి జమీందారుగారూ, అన్నీ తెచ్చాను. డీడు, లెక్కలు, మినిట్స్ బుక్కు. పేజీలకి నంబర్లు కూడా వేశాను. ముప్ఫై రెండేళ్ళు గవర్నమెంటులో చేసినవాణ్ణి, మీకు పని పెట్టను."

ఆయన నన్ను అలా పిలవడం ఎత్తిపొడుపో గౌరవమో నేనెప్పుడూ తేల్చుకోలేదు. మినిట్స్ బుక్ తెరిచాను. ముత్యాల్లాంటి అక్షరాలు, కొట్టివేత అన్నది లేదు. 1990 జనవరి నుంచి 1992 డిసెంబరు దాకా పద్నాలుగు సమావేశాలు. ప్రతిదానికీ మొదటి వాక్యం ఒకటే: "గౌరవనీయులైన అధ్యక్షులు శ్రీ నరసింహంగారి అధ్యక్షతన సమావేశం జరిగినది." చివర నీలి సిరాతో నరసింహంగారి సంతకం ఉంది. పరీక్షగా చూస్తే అది రబ్బరు స్టాంపు.

"శేషగిరిరావుగారూ, నరసింహంగారు పోయి మూడేళ్ళు దాటింది కదండీ?" అన్నాను. నిగంబోధ్ ఘాట్ శ్మశానానికి నేనూ వెళ్ళాను, కట్టెల పొగకు కళ్ళు మండడం గుర్తుంది.

"దాటిందండి. మొన్న నవంబరుకి మూడు నిండాయి. ఆబ్దికం భోజనానికి మీరూ వచ్చారుగా."

"మరి ఈ పద్నాలుగు సమావేశాలకీ అధ్యక్షత వహించింది ఎవరు?"

"ఆయనేనండి."

హాస్యమాడుతున్నారనుకున్నాను. ఆయన ముఖంలో ఆ ఛాయలేమీ లేవు.

"ఆయన కుర్చీ బల్ల మొదట్లో ఉంటుందండి, శాలువా కప్పి. పక్కన స్టూలు మీద వారి ఇల్లాలు, అమ్మగారు కూర్చుంటారు. ఏదన్నా విషయం తేలకపోతే అందరం అమ్మగారి వంక చూస్తాం. 'ఆయనైతే సరేననేవారు' అంటారు. లేదా 'ఆయనైతే ఒప్పుకునేవారు కాదు' అంటారు. ఆ మాటే తీర్మానం. మరి అధ్యక్షుడు ఆయన కాక ఇంకెవరండీ?"

"కొత్తాయన్ని ఎన్నుకోలేదేం?"

"అదొక్కటీ అడక్కండి. ఎన్నిక పెడితే మావాడంటే మావాడని కోస్తావాళ్ళూ తెలంగాణావాళ్ళూ రెండు చెక్కలైపోతారు. పోయినాయన అందరివాడు. ఆయన మీద కోపమున్నవాడు ఒక్కడు లేడు. ఇంతకంటే మంచి అధ్యక్షుడు ఎక్కడ దొరుకుతాడు చెప్పండి?"

కానీ కొత్త ఫారంలో ధర్మకర్తల పేర్లు రాసేచోట పోయినవారిని రాయలేం, రాయకపోతే మినిట్స్ బుక్ ఎదురు తిరుగుతుంది. ఆ మాట చెప్పగానే శేషగిరిరావుగారు కాస్త ముందుకు వంగారు.

"కొత్త పుస్తకం కొనుక్కొస్తాను. అదే సిరా, అదే పెన్ను. నాలుగు రోజుల్లో పద్నాలుగూ తిరగరాసేస్తాను. ఒక్కో సమావేశానికి ఒక్కొక్కరి పేరు పెడదాం. మీరు కళ్ళు మూసుకోండి చాలు."

"అలా చేస్తే నా సంతకం ఉండదు."

"కాస్త పట్టూ విడుపూ ఉండాలి సార్."

"విడుపు మా ఇంట్లో ఎవరికీ రాలేదండీ. వచ్చుంటే ఆ జమీ ఇంకొన్నాళ్ళు నిలిచేదేమో."

ఆయన నవ్వలేదు. పుస్తకం నా దగ్గరే ఉంచుకుని పంపేశాను.

ఆ రోజే బోర్డును సమావేశపరచమని చెప్పవలసింది. నేను మూడు వారాలు ఊరుకున్నాను. ఆ ఆలస్యం నాదే, ఇంకెవరి మీదా తోయను. మా తాతగారి గుమాస్తా ఒకాయన, జమీ పోయిన తర్వాత కూడా పదకొండేళ్ళు, రోజూ ఉదయం దస్త్రం తెరిచి "శ్రీవారి సముఖమునకు" అని మొదలుపెట్టి రాసేవాడు. రాయడానికి ఏమీ ఉండేది కాదు. వాన పడిందనో, ఆవు ఈనిందనో రాసేవాడు. అలా రాయొద్దని ఆయనకు చెప్పగలిగినవాడు మా ఇంట్లో లేడు. శాలువా కప్పిన కుర్చీ గురించి విన్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు. నరసింహంగారి పేరు కొట్టెయ్యమని ఆయన భార్యకు చెప్పవలసినవాణ్ణి నేనే అని తెలిసి, చెప్పకుండా రోజులు నెట్టాను.

ఫిబ్రవరి రెండోవారంలో ఇక తప్పక దక్షిణ ఢిల్లీలోని సాకేత్ వెళ్ళాను. నరసింహంగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు కొడుకు దగ్గర, ప్రభుత్వ సంస్థ డీడీఏ కట్టిన ఫ్లాట్‌లో ఉండేవారు. మధ్యాహ్నం, కొడుకూ కోడలూ ఆఫీసులకు వెళ్ళారు. ఆవిడే తలుపు తీసి, బాల్కనీలో ఎండలోకి తీసుకెళ్ళారు. అక్కడ చాప మీద మెంతికూర కట్టలు పరిచి ఉన్నాయి. కుర్చీ చూపించి, తను చాప మీద కూర్చుని ఆకులు గిల్లడం మొదలుపెట్టారు.

"చెప్పు నాయనా. శేషగిరి ముందే చెవిన వేశాడులే. పన్నువాళ్ళు ఆయన పేరు ఒప్పుకోరటగా?"

"బతికున్నవారి పేర్లే అడుగుతున్నారమ్మా. వాళ్ళ తప్పు లేదు. ధర్మం పేరు మీద వచ్చిన సొమ్ముకు ఎవరు జవాబుదారో తెలియాలి కదా."

"తప్పని నేననలేదే." ఆవిడ ఒక కట్ట పూర్తిచేసి ఇంకొకటి విప్పారు. "పేరు తీసేస్తే నేనెవర్ని ఆ బల్ల దగ్గర? డీడులో నా పేరు లేదు. ఇన్నాళ్ళూ స్టూలు మీద కూర్చోనిచ్చింది ఆయన పేరు మీద. రేపు శేషగిరి మర్యాదగానే అంటాడు, 'అమ్మగారూ, మీకెందుకు శ్రమ, చలిలో' అని."

"ఆయన మాట మీరు చెబుతున్నారని అందరికీ గౌరవమే కదమ్మా."

ఆవిడ నావైపు కాసేపు చూశారు. ఇతనికి చెప్పొచ్చా అని బేరీజు వేస్తున్నట్టుంది.

"గేటు తాళం ఏడింటికి వేసేవారు ఇదివరకు. తెలుసా నీకు? ఆయన పెట్టిన నియమం. ఇద్దరు నర్సు పిల్లలు, డ్యూటీ దిగి బస్సు దొరక్క ఎనిమిదింటికొచ్చి గేటు బయట నిలబడేవారు. ఆయన ఉండగా నేను పదిసార్లు చెప్పాను. 'ఆడపిల్లల హాస్టలు, నీకు తెలీదు, నువ్వూరుకో' అనేవారు. ఆయన పోయిన మూడో నెల మీటింగులో ఆ మాటొచ్చింది. అందరూ నా వంక చూశారు. 'ఆయనైతే తొమ్మిదిన్నర దాకా ఉంచమనేవారు' అన్నాను. సరే అని రాసేశారు."

నేను కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాను.

"బతికుండగా ఒప్పుకోనిదంతా పోయాక ఒప్పుకుంటున్నారు, మహానుభావుడు. వంటమనిషి జీతం పెంచారు. పరీక్ష తప్పిన పిల్లను ఇంకో ఏడు ఉండనిచ్చారు." ఆవిడ నవ్వారు గానీ చేతులు ఆగిపోయాయి. "ఆయన పేరు కొట్టేస్తే ఆ పిల్లలకి మళ్ళీ ఏడింటికే తాళం. నీ ఫారం సంగతి సరే, దీనికేమిటి దారి?"

నేను అక్కడికి వెళ్ళింది ఒక వితంతువు మనసు నొప్పించకుండా ఒక పేరు ఎలా తీసెయ్యాలా అని ఆలోచిస్తూ. ఆవిడ మాత్రం నాలుగు మాటల్లో అసలు ప్రశ్న నా ముందు పెట్టారు. నాకు తెలిసిన జవాబు ఒకటే ఉంది, అదీ డీడులోనిదే.

"డీడు ప్రకారం ఖాళీ అయిన స్థానాన్ని మిగతా ఆరుగురూ నింపాలమ్మా. మీ పేరు నేను ప్రతిపాదించలేను, నేను ఆడిటర్ని. కానీ ఫారంలో ఏడో పేరు కావాలని మాత్రం చెప్పగలను."

"నేను ఏడో తరగతి దాకానే చదివాను."

"ఫారంలో చదువు అడగలేదు."

మరుసటి ఆదివారం పొద్దున వసతి గృహం భోజనశాలలో బోర్డు కూర్చుంది. కుర్చీ ఉంది, శాలువా ఉంది. నేను నిలబడే మాట్లాడాను. తీర్మానాలకు భయం లేదన్నాను. ప్రతి సమావేశంలోనూ కోరమ్, అంటే ఉండవలసిన కనీస సభ్యులు, ఉన్నారు కాబట్టి అవి చెల్లుతాయి. అబద్ధం ఉన్నది మొదటి వాక్యంలోనూ చివరి స్టాంపులోనూ మాత్రమే. వాటిని చెరపకూడదు. పాతది కనిపించేలా ఒకే గీత కొట్టి, పక్కన నిజం రాసి, నేటి తేదీ వేసి, ఆ రోజు హాజరైనవారంతా సంతకం పెట్టాలి. తర్వాత పద్నాలుగింటినీ ఒక్క తీర్మానంతో ధ్రువీకరించుకోవాలి. అంతటినీ మనమే ముందుగా ఉత్తరంలో శాఖకు చెప్పాలి.

"మనంతట మనమే పోయి చెప్పుకోవడమా?" అన్నారు శేషగిరిరావుగారు. "వాళ్ళు అడిగితే కదండీ! తలుపు తట్టి మరీ దొంగనని చెప్పుకున్నట్టుంది."

వరంగల్ నుంచి వచ్చి రైల్వేలో స్థిరపడిన మల్లారెడ్డిగారు బల్ల మీద చెయ్యి పెట్టారు. "గట్లగాదు రావుసాబ్. సచ్చినాయన ముద్ర పడ్తుంటె మనమందరం ఛాయ్ తాక్కుంట సూస్కుంట కూసున్నం. తప్పు మీదొక్కరిదే గాదు. ఆడిటర్ సాబ్ చెప్పినట్టు చేద్దాం, నిమ్మలంగుంటది పానం."

"మరి అధ్యక్షుడెవరు? దానికి తన్నుకుంటాం చూడండి."

"తన్నుకునుడెందుకు? ఒక మీటింగుకు మీదిక్కోళ్ళు, ఒకదానికి మాదిక్కోళ్ళు. వంతులేస్కుందం. కుర్చీ అందరి కింద అరగనీయుండ్రి."

మూడేళ్ళుగా చావును దాచి కాపాడుకున్న శాంతి అంత తేలిగ్గా కుదిరిపోయింది. ఏడో స్థానానికి రాజ్యలక్ష్మమ్మగారి పేరు కూడా మల్లారెడ్డిగారే చెప్పారు. "ఇగ ఆమె కంటె ఎవరున్నరు, సార్ మాటలు ఎరుకైనోళ్ళు?" ఎవరూ కాదనలేదు. సార్ మాటలు తెలిసినావిడ కాబట్టి. ఆవిడ తల వంచుకుని సంతకం పెట్టారు. గేటు సంగతి ఆ రోజు ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మార్చి మూడోవారంలో ఆదాయపు పన్ను ఆఫీసువాళ్ళు విచారణకు పిలిచారు. శేషగిరిరావుగారు, రాజ్యలక్ష్మమ్మగారు, నేను వెళ్ళాం. బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు శేషగిరిరావుగారు గొణిగారు.

"కాస్త బతిమాలండి సార్. ఆడపిల్లల సంస్థ, చూసీ చూడనట్టు పొమ్మని."

"మా ఇంట్లో అడిగే అలవాటు లేదు. రెండు పేజీల వివరణ టైపు చేశాను, చాలు."

ఆ రెండు పేజీలూ బ్రహ్మాండంగా ఉన్నాయని నా నమ్మకం. సెక్షన్లు, తీర్పులు, సుదీర్ఘమైన గంభీరమైన వాక్యాలు. అధికారి మధ్యవయసు మనిషి, మాటల్లో ఉత్తరాది యాస. మొదటి పేజీ సగం చదివి పక్కన పెట్టేశాడు. మినిట్స్ బుక్ తెరిచి, తెలుగు రాకపోయినా ఎర్రగీతలూ తేదీలూ ఒక్కొక్కటీ చూశాడు. నా ఇంగ్లీషు అనువాదంలో ఒకచోట వేలు పెట్టాడు.

"గేటు టైం తొమ్మిదిన్నర. ఫిబ్రవరి తొంభై. నరసింహం సాబ్ అప్పటికి లేరు. నాకు ఒక్కటే తెలియాలి. ఏ కిస్‌నే తయ్ కియా? ఎవరు నిర్ణయించారిది?"

నేను నోరు తెరిచాను. "అప్పుడు హాజరైన ధర్మకర్తలు సమష్టిగా..." అని మొదలుపెట్టాను. ఆయన నన్ను చేత్తో ఆపి, ఆవిడవైపు తిరిగాడు.

"మాతాజీ, ఆప్ బతాయియే. మీరు చెప్పండి."

శేషగిరిరావుగారు ఆవిడ పక్కనే కూర్చుని ఉన్నారు. ఈ మాట ఆవిడ నోటివెంట వస్తే అది బోర్డుకు చేరినట్టే. ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కున్నారు.

"మైనే," అన్నారు, నేనేనని. "మేరే పతి హోతే తో సాత్ బజే తాళా లగాతే. ఆయనుంటే ఏడింటికే వేయించేవారు. నేనే చెప్పాను. ఆయన పేరు పెట్టి చెప్పాను, లేకపోతే ఎవరూ వినరని. గలతీ మేరీ హై, తప్పు నాదే."

అధికారి పుస్తకం మూశాడు. "గలతీ నామ్ కీ థీ, కామ్ కీ నహీఁ," అన్నాడు. తప్పు పేరులో ఉంది గానీ పనిలో లేదని. మూడేళ్ళకు అడిగితే ఒక్క ఏడాదికే ఆమోదం రాశాడు, పుస్తకాలు చక్కగా నడిపితే ఆ తర్వాత చూద్దామని. నాకు అది చాలా ఎక్కువే అనిపించింది.

మెట్లు దిగుతుంటే శేషగిరిరావుగారు మూడు నాలుగు మెట్లు దిగి ఆగిపోయారు.

"అమ్మగారూ, అయితే వంటమనిషి జీతం?"

"నేనే."

"ఆ పరీక్ష తప్పిన పిల్ల?"

"నేనే శేషగిరీ. పాపం, ఆయనకి ఒక్కటీ నచ్చేది కాదు."

ఆయన మఫ్లరు విప్పి మళ్ళీ చుట్టుకున్నారు. "ఏడింటికి మార్చాలని నేను రాసుకొచ్చానండీ, వచ్చే మీటింగులో పెడదామని," అన్నారు చివరికి.

"పెట్టు. నేను వద్దంటాను. అది కూడా రాయి, నా పేరుతో."

ఏప్రిల్ సమావేశంలో ఆయన ప్రతిపాదించారు, ఆవిడ కాదన్నారు, ఓట్లు లెక్కపెట్టారు. గేటు తొమ్మిదిన్నర దగ్గరే ఉండిపోయింది, ఒక్క ఓటు తేడాతో. ఆ ఒక్క ఓటు శేషగిరిరావుగారిది. తన ప్రతిపాదనకు తనే వ్యతిరేకంగా చెయ్యెత్తి, ఎందుకన్నది మినిట్స్‌లో రాయలేదు.

తర్వాత ఎన్నో సంస్థల బోర్డులకు, కొత్త ఫారం వచ్చినప్పుడల్లా, పని చేసిపెట్టాను. అందరూ మొదట అడిగేది ఏ కాగితాలు కావాలని. కాగితాలు చివర చూద్దాం అంటాను. ముందు ధర్మకర్తలందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, గడిచిన ఏడాదిలో ముఖ్యమైన నిర్ణయాలు ఒక్కొక్కటీ చదివి, ఇది ఎవరు చెప్పారని అడుగుతాను. చెప్పినవారు చెయ్యి ఎత్తాలి. కొందరు నొచ్చుకుంటారు. కొన్ని నిర్ణయాలకు ఏ చెయ్యీ లేవదు, కొన్నింటికి బల్ల దగ్గర లేనివారి పేర్లు వినిపిస్తాయి. అక్కడే మా పని మొదలవుతుంది. శాఖకు జవాబు చెప్పుకోవడానికి సిద్ధపడటం అంటే ఇంతేనని నేను నేర్చుకున్నది నా చదువులో కాదు. నా రెండు పేజీలు చెప్పలేనిదాన్ని ఒక్క మాటలో చెప్పినావిడ దగ్గర.